దిగిన చోట ఇంకో బండి ఉండాలి

అందరికీ నమస్కారం. ముందు గోడకు తగిలించిన ఆ కాగితం చూడండి. వెనక వరసల్లో వాళ్లకు సరిగా కనబడకపోవచ్చు, నేను చెబుతాను. అడ్డంగా ఉన్నవి 24 గంటలు, వాటిలో మళ్లీ నిమిషాల గళ్లు. నిలువుగా పైనుంచి కిందికి స్టేషన్ల పేర్లు. ఈ సెక్షన్‌లో నడిచే ప్రతి బండీ ఇందులో ఒక ఏటవాలు గీత. ఎక్స్‌ప్రెస్ గీత కాస్త నిటారుగా ఉంటుంది. ప్యాసింజర్‌ది వాలుగా, గూడ్సుది ఇంకా వాలుగా ఉంటుంది. లూప్ లైన్లో, అంటే వేరే బండికి దారివ్వడానికి పక్క పట్టాల మీద, ఆగి ఉన్న బండి అడ్డగీతగా కనిపిస్తుంది. దీన్ని మేం కంట్రోల్ చార్ట్ అంటాం. ఏ బండి ఆగాలో, ఏది ముందు పోవాలో చెప్పే రైల్వే కంట్రోలర్‌గా ఇరవై తొమ్మిదేళ్లు నేను ఇలాంటి చార్టుల ముందు కూర్చున్నాను. మొదట్లో పెన్సిలు, స్కేలు, రబ్బరు. తర్వాత కంప్యూటర్ వచ్చింది, కానీ పని అదే.

ఈ రోజు నన్ను మాట్లాడమన్న విషయం వేర్వేరు దేశాల రైళ్లు. ఈ మాట ఎత్తగానే ఎవరైనా ముందు వేగం అడుగుతారు. చైనాలో గంటకు 350 కిలోమీటర్లు, జపాన్, ఫ్రాన్స్‌లలో 320. ఆ లెక్కలు మీ ఫోన్లలోనే దొరుకుతాయి. నేను మాత్రం ఏ దేశం చార్టు చూసినా, గీతల మధ్య తెల్లగా మిగిలిన చోటు, అంటే ఏ బండీ లేని సమయం, చూస్తాను. ఆ తెల్లచోటు ఎంత ఉంచుకున్నారు, ఎవరికోసం ఉంచుకున్నారు? అది తెలిస్తే ఆ రైల్వే ఎలాంటిదో చాలావరకు తెలిసినట్టే.

ఈ తెల్లచోటు మీద నాకింత పట్టింపు ఎందుకో చెప్పాలి. నాకు పదకొండేళ్లప్పుడు అమ్మతో కలిసి అమ్మమ్మగారి ఊరికి బయల్దేరాను. మధ్యలో ఒక జంక్షన్‌లో దిగి ప్యాసింజర్ పట్టుకోవాలి. మా బండి లేటు. స్టేషన్ ఇంకా రాకముందే ఔటర్‌లో ఆగిపోయింది. కిటికీలోంచి చూస్తుంటే మేం ఎక్కాల్సిన ప్యాసింజర్ మా కళ్ల ముందే కదిలి వెళ్లిపోయింది. తర్వాతి బండి మర్నాడు పొద్దున. అమ్మ ప్లాట్‌ఫాం మీద దుప్పటి పరిచి నన్ను పడుకోబెట్టి, ట్రంకుపెట్టె మీద చెయ్యేసుకుని రాత్రంతా మేలుకుని కూర్చుంది. చాలా ఏళ్ల తర్వాత అదే ఉద్యోగంలో కూర్చున్నాక అర్థమైంది. ఆ ప్యాసింజర్‌ను మాకోసం నాలుగు నిమిషాలు ఆపితే, వెనక వస్తున్న బండ్లన్నీ ఒకదాని వెంట ఒకటి ఆగిపోయేవి. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న మనిషిని నేనేమీ అనను. ఆయన చార్టులో ఆ నాలుగు నిమిషాల చోటు లేదు.

ఆ చోటును పట్టుబట్టి సంపాదించుకున్న దేశం స్విట్జర్లాండ్. మా అమ్మాయి ఉద్యోగం జ్యూరిచ్‌లో. అక్కడ రెండు నెలలున్నాను, వారానికి మూడు నాలుగు రోజులు పెద్ద స్టేషన్‌కు పోయి నిలబడేవాణ్ణి. గంట కొట్టడానికి పది నిమిషాల ముందు నుంచి చూడాలి. బెర్న్ నుంచి, బాసెల్ నుంచి, తూర్పు వైపు ఊళ్ల నుంచి ఒకదాని వెంట ఒకటి బండ్లు వచ్చి ఆగుతాయి. జనం దిగి, పరుగులు లేకుండా, పక్క ప్లాట్‌ఫాంకు నడిచి ఇంకో బండిలో కూర్చుంటారు. గంట దాటగానే బండ్లన్నీ వరసగా కదులుతాయి. ప్లాట్‌ఫాంలు ఖాళీ అయిపోతాయి. అరగంటకు మళ్లీ అదే. పొద్దున్నుంచి రాత్రిదాకా ఊపిరి పీల్చి వదిలినట్టు ఉంటుంది ఆ స్టేషన్.

అక్కడి ప్లాట్‌ఫాం గడియారం గురించి రెండు మాటలు. సెకన్ల ముల్లు ఎర్రగా ఉంటుంది, చివర గుండ్రటి బిళ్ల. బండి బయల్దేరమని చెయ్యెత్తి చూపించే సిగ్నల్ పలక ఆకారం అది. ఆ ముల్లు నిమిషం పూర్తికాకముందే, సుమారు 58న్నర సెకన్లలో, చుట్టు తిరిగి వచ్చేసి పైన 12 దగ్గర ఆగి నిలబడుతుంది. మాస్టర్ క్లాక్ నుంచి సంకేతం రాగానే నిమిషాల ముల్లు టక్కున ఒక గడి జరుగుతుంది, ఎర్రముల్లు మళ్లీ నడక మొదలుపెడుతుంది. దేశంలోని స్టేషన్ గడియారాలన్నీ ప్రతి నిమిషమూ ఒక్కటి కావడానికి ఈ ఏర్పాటు. గడియారాన్ని 1944లో గీసినాయన హాన్స్ హిల్ఫికర్ అనే రైల్వే ఇంజినీరు. ఆ ముల్లు ఆగే ఒకటిన్నర సెకన్లలో నాకు వాళ్ల టైంటేబుల్ మొత్తం కనబడింది. కాస్త ముందే చేరడం, మిగతావాళ్లు వచ్చేదాకా ఆగడం, తర్వాత అందరూ బయల్దేరడం.

ఇది ఒక్కరోజులో వచ్చింది కాదు. 1982లో దేశమంతటా ప్రతి గంటకూ అదే నిమిషానికి బండి అనే పద్ధతి మొదలుపెట్టారు. 8:02కు ఒక బండి ఉందంటే 9:02కూ ఉంటుంది, 10:02కూ ఉంటుంది. టైంటేబుల్ పుస్తకం అక్కర్లేదు, నిమిషం ఒక్కటి గుర్తుంటే చాలు. తర్వాత 1987లో ‘బాన్ 2000’ అనే పథకాన్ని ప్రజల ముందు ఓటుకు పెట్టారు, జనం ఒప్పుకున్నారు. అప్పుడు వాళ్లు చేసిన పని నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. ముందు టైంటేబుల్ రాసుకున్నారు. ఆ టైంటేబుల్ నడవాలంటే ఎక్కడ కొత్త పట్టాలు కావాలో, ఎక్కడ అక్కర్లేదో తర్వాత తేల్చుకున్నారు.

చార్టు మీద చూపిస్తాను, దగ్గరగా రండి. జ్యూరిచ్‌లో గంటకు బండ్లన్నీ కలుస్తాయి, బెర్న్‌లోనూ కలుస్తాయి. అయితే ఈ రెండు ఊళ్ల మధ్య ప్రయాణం గంటకు పైగా పట్టేది. అంటే 8:00కు జ్యూరిచ్‌లో బయల్దేరినవాడు 9:10 ప్రాంతంలో బెర్న్‌లో దిగేవాడు. 9:00కు అక్కడ కలిసిన బండ్లన్నీ అప్పటికే వెళ్లిపోయేవి. ప్రయాణం 56 నిమిషాలకు తగ్గితే, వాడు 8:56కి దిగి, నడిచి వెళ్లి ఇంకో బండి ఎక్కుతాడు. ఇక్కడ తగ్గింది పావుగంట. కలిసొచ్చింది దాదాపు ముప్పావుగంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఆ పావుగంట కోసమే 45 కిలోమీటర్ల కొత్త లైను వేశారు, గంటకు 200 కిలోమీటర్ల వేగానికి. 2004 డిసెంబర్‌లో ఒక్క రాత్రిలో దేశం టైంటేబుల్ మొత్తం మారిపోయింది. 300 వేగానికి ఎందుకు వేయలేదని అడగొచ్చు. 40 నిమిషాల్లో బెర్న్ చేరితే అక్కడ ఇరవై నిమిషాలు బల్ల మీద కూర్చోవడమే కదా! అవసరమైనంత వేగానికి డబ్బు పెట్టారు, మిగతాది గీతల మధ్య ఖాళీకి పెట్టారు.

ఆ ఖాళీ వల్లే మూడు నిమిషాల లోపు ఆలస్యంతో చేరే ప్రయాణికులు అక్కడ నూటికి 90 మందికి పైనే. ఒకసారి చిన్న పల్లెలో దిగాం. వాన పడుతోంది. స్టేషన్ బయట పసుపు రంగు పోస్ట్‌బస్సు తలుపులు తెరుచుకుని నిలబడి ఉంది. డ్రైవరు స్టేషన్ గుమ్మం వైపే చూస్తున్నాడు. ఆఖరుగా కర్ర పట్టుకుని ఒక ముసలావిడ మెల్లగా వచ్చి ఎక్కాక బస్సు కదిలింది. నాకు మా అమ్మ, ఆ ట్రంకుపెట్టె గుర్తొచ్చాయి. ధనిక దేశం, 90 లక్షల జనాభా, నిజమే. మనకు వాళ్ల సొరంగాలకు పెట్టినంత డబ్బు ఉండకపోవచ్చు. కానీ బస్సును రైలు వచ్చే నిమిషానికి పెట్టడానికి సొరంగం అక్కర్లేదు.

ఇప్పుడు జపాన్. అక్కడి హైస్పీడ్ రైలు షింకన్‌సెన్ అనగానే వేగం గుర్తొస్తుంది. కానీ దాన్ని కట్టడానికి అసలు కారణం పాత లైన్లో చోటు అయిపోవడం. టోక్యో నుంచి ఒసాకాకు ఉన్న పాత టొకైదో లైను మన మీటర్ గేజ్ కన్నా కొంచెం వెడల్పు, 1067 మిల్లీమీటర్లు. ఎక్స్‌ప్రెస్‌లు, ప్యాసింజర్లు, గూడ్సులు అన్నీ దాని మీదే. 1950ల్లో చార్టు నల్లగా అయిపోయింది. అప్పుడు రైల్వే అధ్యక్షుడు షింజి సొగో, చీఫ్ ఇంజినీరు హిదేవో షిమా ఇద్దరూ పట్టుబట్టి పూర్తిగా వేరే లైను, వేరే గేజ్ అన్నారు. ప్రపంచ బ్యాంకు 8 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చింది. ఖర్చు అనుకున్నదానికన్నా బాగా పెరగడంతో ప్రారంభానికి ముందు ఏడాది, 1963లో, ఇద్దరూ పదవులు వదులుకోవాల్సి వచ్చింది. 1964 అక్టోబర్ 1న లైను మొదలైంది. ఆరున్నర గంటల ప్రయాణం ముందు నాలుగు గంటలైంది, ఇప్పుడు సుమారు రెండున్నర.

ఆ లైను చార్టు చూస్తే కంట్రోలర్‌గా పనిచేసినవాడికి కళ్లు చెమరుస్తాయి. పట్టాల మీద గూడ్సు లేదు, లెవెల్ క్రాసింగ్ లేదు. బండ్లన్నీ 16 పెట్టెలవి, అన్నిట్లో దాదాపు 1,320 సీట్లే. ఒక రేక్, అంటే ఒక బండి పెట్టెల వరస, పాడైతే ఇంకో రేక్ పెట్టొచ్చు, దాదాపు ఎవరి సీటు నంబరూ మారదు. రద్దీ వేళ గంటకు 17 బండ్ల దాకా ఒకే వైపు పోతాయి. రాత్రి 12 నుంచి పొద్దున 6 దాకా ఒక్క బండీ నడవదు. ఆ ఆరు గంటలు ట్రాక్ మనుషులవి. మన దగ్గర రెండు గంటల బ్లాక్ కోసం, అంటే పట్టాల పనికి బండ్లు ఆపే సమయం కోసం, ఇంజినీరింగ్ వాళ్లు కంట్రోల్‌ను ఎంత బతిమాలాలో ఇక్కడున్న రైల్వేవాళ్లకు తెలుసు. షింకన్‌సెన్ మొదలై 60 ఏళ్లు దాటింది, బండ్లు ఢీకొని గానీ పట్టాలు తప్పి గానీ ఒక్క ప్రయాణికుడూ చనిపోలేదు. నా లెక్కలో ఆ ఘనతలో పెద్ద వాటా ఆ ఆరు గంటల చీకటిది.

అదే జపాన్‌లో తెల్లచోటు తీసేస్తే ఏమైందో కూడా చెప్పాలి. ఈ సంగతి చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. 2005 ఏప్రిల్ 25, ఒసాకా దగ్గర అమగసాకి. మామూలు సిటీ లైను. పక్కన ప్రైవేటు రైల్వేతో పోటీ, అందుకని ప్రయాణ సమయం తగ్గిస్తూ వచ్చారు. ఆలస్యం పూడ్చుకోవడానికి ఉండే అదనపు సెకన్లు కూడా తీసేశారు. డ్రైవరు 23 ఏళ్ల కుర్రాడు. ఇతామి స్టేషన్‌లో ఆగాల్సిన గుర్తు దాటి 70 మీటర్లు ముందుకు పోయాడు, వెనక్కి తెచ్చి ఆపాడు. బండి సుమారు 90 సెకన్లు లేటు. ఆ ఆలస్యానికి ఏం శిక్ష పడుతుందో వాడికి తెలుసు. దానికో పేరుంది, తిరిగి శిక్షణ అంటారు. అందులో రోజుల తరబడి సంజాయిషీలు రాయించేవాళ్లు, అందరి ముందు అవమానించేవాళ్లు. 70కి మించకూడని మలుపులోకి 116 వేగంతో వెళ్లాడు. పెట్టెలు ఎగిరి పక్కనున్న అపార్ట్‌మెంట్‌కు గుద్దుకున్నాయి. 106 మంది ప్రయాణికులు, ఆ డ్రైవరు చనిపోయారు.

నేను ఫోన్లో లోకో పైలట్లను, స్టేషన్ మాస్టర్లను ఎన్నిసార్లు గద్దించి ఉంటానో. ఆ వార్త చదివిన రోజు నుంచి గొంతు తగ్గించాను. మన టైంటేబుల్‌లో చివరి స్టేషన్‌కు ముందు కాస్త ఎక్కువ సమయం పెడతారు. ఇంత దూరం వచ్చాక ఇక్కడ ఇంతసేపా అని జనం విసుక్కుంటారు. విసుగులో న్యాయం ఉంది, ఆ సమయమంతా ఒక్కచోట కుప్పపోయడం మంచి పద్ధతి కాదు. దారి పొడవునా కొద్దికొద్దిగా పంచాలి. కానీ అసలు లేకుండా చేయమని మాత్రం ఎవరూ అడగకండి.

జర్మనీ సంగతి వేరు. అక్కడ చదువుకునే మన పిల్లలు చాలామంది ఉన్నారు కాబట్టి వాళ్లకు బాగా తెలుసు. టికెట్ విషయంలో ఆ దేశం చేసిన పని అద్భుతం. 2023 మే నుంచి నెలకు 49 యూరోల టికెట్ ఒకటి పెట్టారు. అది ఒక్కటి ఉంటే దేశమంతా లోకల్ రైళ్లు, మెట్రో, ట్రామ్, సిటీ బస్సు ఏదైనా ఎక్కొచ్చు. తర్వాత ధర పెంచారు, టికెట్ మాత్రం కొనసాగుతోంది. కానీ ఐసీఈ లాంటి వేగం బండ్లు, లోకల్ బండ్లు, గూడ్సులు చాలాచోట్ల ఒకే పట్టాల మీద నడుస్తాయి. ఏళ్ల తరబడి పట్టాల మీద పెట్టాల్సిన డబ్బు పెట్టలేదు. 2024లో దూరప్రాంతపు బండ్లలో ఆరు నిమిషాల లోపు ఆలస్యంతో వచ్చినవి నూటికి 62 మాత్రమే. లేటుగా వచ్చే జర్మన్ బండ్లను స్విస్ వాళ్లు సరిహద్దులోని బాసెల్‌లోనే ఆపేసి, అక్కడ సిద్ధంగా ఉంచిన తమ బండిలోకి ప్రయాణికులను ఎక్కిస్తారు. పక్కింటి ఆలస్యం తమ చార్టులోకి రాకుండా కాపలా కాయడం అది. చివరికి జర్మనీవాళ్లు 2024లో ఫ్రాంక్‌ఫర్ట్, మాన్‌హైమ్ మధ్య ముఖ్యమైన లైనును ఐదు నెలలు పూర్తిగా మూసి బాగుచేశారు. నెప్పి భరించి చేసిన మంచి పని.

చైనా మీద ఎక్కువసేపు ఉండను. 2008లో మొదలుపెట్టి 2024 చివరికి 48,000 కిలోమీటర్ల హైస్పీడ్ లైన్లు వేశారు. బీజింగ్ నుంచి షాంఘైకి 1,318 కిలోమీటర్లు నాలుగున్నర గంటల లోపే. లోకంలో ఇంకెవరూ చేయని పని అది. అమెరికా దీనికి అటు చివర ఉంది. మన తెలుగువాళ్లు డాలస్‌లో ఉన్నారు, హ్యూస్టన్‌లో ఉన్నారు. మధ్య దూరం 385 కిలోమీటర్లు, అంటే దాదాపు సికింద్రాబాద్ నుంచి గుంటూరు దాటి వెళ్లినంత. ఈ రెండు మహానగరాల మధ్య నేరుగా వెళ్లే ప్యాసింజర్ రైలు లేదు. ఈశాన్య తీరం బయట, అక్కడి ప్యాసింజర్ రైళ్ల సంస్థ ఆమ్‌ట్రాక్ బండ్లు నడిచే పట్టాలు చాలావరకు గూడ్స్ కంపెనీల సొంతం. చార్టులో తెల్లచోటు ఉన్నా, దాని యజమాని వేరే.

ఊళ్ల లోపలి రైళ్ల దగ్గరికి వద్దాం. లండన్‌లో 1846లో ఒక కమిషన్ ఊరి నడిబొడ్డులోకి రైళ్లు రాకూడదని చెప్పింది. అందుకే ప్యాడింగ్టన్, యూస్టన్, కింగ్స్ క్రాస్ ఊరి చుట్టూ వలయంలా ఉన్నాయి. వాటిని కలపడానికే 1863లో ప్రపంచంలో మొదటి భూగర్భ రైలు వచ్చింది. టోక్యోవాళ్లు ఇంకో దారి పట్టారు. 1960 నుంచి సబ్‌వే బండ్లు ప్రైవేటు కంపెనీల పట్టాల మీదికి, వాళ్ల బండ్లు సబ్‌వేలోకి నేరుగా పోతాయి. సరిహద్దు స్టేషన్‌లో డ్రైవరు దిగి ఇంకో కంపెనీ డ్రైవరు ఎక్కుతాడు. ప్రయాణికుడు పేపరు చదువుకుంటూ కూర్చునే ఉంటాడు. కంపెనీల మధ్య లెక్కలు కంపెనీలు చూసుకుంటాయి. హైదరాబాద్‌లో 2003లో ఎం.ఎం.టి.ఎస్. లోకల్ రైలు వచ్చింది, 2017 నవంబర్‌లో మెట్రో వచ్చింది. బేగంపేటలో రెండూ దగ్గర దగ్గరే. అక్కడ ఒకటి దిగి ఇంకోటి ఎక్కేవాడికి ఒకే టికెట్, ఒకదానికోసం ఒకటి పెట్టుకున్న టైమూ ఉంటే ఆ రెండింటి విలువా పెరుగుతుంది. జ్యూరిచ్‌లో 1990 నుంచి రైలు, ట్రామ్, బస్సు, సరస్సులో పడవ అన్నిటికీ ఒకే టికెట్.

మన దేశంలో టైంటేబుల్ చూడకుండా జనం ఎక్కే రైల్వే ఎప్పటినుంచో ఉంది, ముంబై లోకల్. ఇది పోతే ఇంకోటి నాలుగు నిమిషాల్లో వస్తుందని అక్కడ చిన్నపిల్లాడికీ తెలుసు. ఆ పని మనవాళ్లే చేస్తున్నారు, రోజుకు 70 లక్షల మందిని మోస్తూ. కానీ అదే ముంబైలో పట్టాల మీద, తలుపుల దగ్గర ఏడాదికి రెండు వేల మందికి పైగా చనిపోతున్నారు. ఈ రెండు మాటలూ కలిపే చెప్పాలి, ఒకటి చెప్పి ఒకటి వదలకూడదు.

ఇందాక మీలో ఒక అమ్మాయి చీటీ పంపింది: మరి మన విజయవాడలో ఏం చేయొచ్చండీ అని. మంచి ప్రశ్న. బోర్డు మీద మూడు చుక్కలు పెడుతున్నాను. విజయవాడ, గుంటూరు, తెనాలి. విజయవాడ నుంచి గుంటూరు 32 కిలోమీటర్లు, తెనాలికీ దాదాపు అంతే, గుంటూరు నుంచి తెనాలి 25. జ్యూరిచ్, బెర్న్, బాసెల్ కూడా ఇలాంటి త్రికోణమే, దూరాలు మాత్రం మూడు నాలుగింతలు. మూడు భుజాల మీదా పట్టాలున్నాయి, కరెంటు ఉంది. అరగంటకోసారి అటూ ఇటూ బండి, మూడు స్టేషన్లలోనూ గంటకు, అరగంటకు కలవడం. నేను ఇంటి దగ్గర చాలాసార్లు గీసి చూశాను. గుంటూరు, తెనాలి మధ్య తేలిగ్గానే కుదురుతుంది. చిక్కంతా విజయవాడ, తెనాలి మధ్య. మద్రాసు, హౌరా బండ్లన్నీ అటే. మూడో లైను పూర్తిగా చేతికొస్తే అక్కడ చోటు దొరుకుతుందని నా నమ్మకం. ఉత్తరాదిన గూడ్సుకు వేరే లైను వేశారు, లూధియానా నుంచి బీహార్‌లో సోన్‌నగర్ దాకా 1,337 కిలోమీటర్లు. జపాన్ కొత్త లైను మనుషులకిచ్చింది, మనం సరుకుకిచ్చాం. ఎలా ఇచ్చినా పాత లైన్లో చోటు మిగులుతుంది, దాన్ని ఎవరికి పంచాలన్నదే ఇప్పుడు తేలాలి.

ఆ బల్ల మీద ముప్ఫై ఖాళీ చార్టులు పెట్టాను, పెన్సిళ్లూ ఉన్నాయి. అన్నీ విజయవాడ, తెనాలి సెక్షన్‌వే. ఇప్పుడున్న ఎక్స్‌ప్రెస్‌ల గీతలు ముందే గీసి ఉంచాను, వాటిని కదపకండి. మిగిలిన తెల్లచోటులో అరగంటకో లోకల్ ఎక్కడ పడుతుందో గీసి చూడండి. గూడ్సులను మాత్రం మరిచిపోవద్దు, వాటికీ దారి కావాలి. రబ్బరు ఒక్కటే తెచ్చాను, తలా కాసేపు వాడుకోండి.